నా అనుభవం: కాలేయంలో తిత్తి, చేతి మీద దద్దు

దేవరకద్ర దిక్కు గొర్ల మందలున్న ఊళ్లలో యాట కోసినప్పుడు నీటి బుడగలున్న కార్జం కుక్కకు విసిరేస్తారు. ఆ కుక్క పేగుల్లో పెరిగే బద్దెపురుగు గుడ్లు మలంలో బయటపడి, చేతుల ద్వారా మన కడుపులోకి చేరితే హైడాటిడ్ తిత్తి పెరుగుతుంది. నా స్కానింగులో కాలేయంలో 6 సెంటీమీటర్ల తిత్తి కనిపించింది. మొదట వెళ్లిన చోట రక్తం తీయకుండానే, ఈ తిత్తేనా అని తేల్చడానికి కాసోని చర్మ పరీక్ష చేశారు.

గొర్రె తిత్తిలోని నీటిని వడకట్టి, క్రిములు లేకుండా చేసి 0.2 మిల్లీలీటరు ఒక ముంజేతి చర్మంలోకి ఎక్కిస్తారు. పోల్చి చూడడానికి రెండో చేతికి అంతే సెలైన్. అరగంటలోపు 5 సెంటీమీటర్ల దద్దు లేచి, అంచులు వేళ్లలా పాకితే పాజిటివ్. ఇరవయ్యో నిమిషంలో బాల్‌పెన్నుతో అంచు గీసి కొలిస్తే నాది రెండున్నర. సెలైన్ చేతి మీదా ఒక సెంటీమీటరు దద్దు! అయినా చీటీ మీద పాజిటివ్ అనే రాశారు. లెక్కలోకి తీసుకోనప్పుడు రెండో చేతికి గుచ్చడం ఎందుకో మరి.

అసలు లోపం ఆ నీటిలోనే ఉంది. అందులో ప్రోటీన్ ఒక్కో బ్యాచిలో ఒక్కో తీరు. వేరే బద్దెపురుగులున్నా దద్దు లేవొచ్చు. ఆపరేషన్‌తో తిత్తి పోయినా ఏళ్ల తరబడి లేస్తుంది. తిత్తి సున్నం కట్టినవాళ్లకు లేవకనూ పోవచ్చు. పైగా ఎక్కించిన నీరే యాంటీబాడీలు పుట్టించి తర్వాతి రక్త పరీక్షను చెడగొట్టగలదు. అరుదుగా ఒళ్లంతా అలర్జీ వచ్చి బీపీ పడిపోతుంది కూడా. చేసి తీరాలంటే ముందు రక్తం తీసి పెట్టమనండి, ఆ అలర్జీకి ఇచ్చే అడ్రినలిన్ సూదిమందు దగ్గరుందో లేదో అడగండి.

నా సంగతి తేల్చింది హైదరాబాదులో చేసిన రెండో స్కానింగు: తిత్తి లోపలి పొర ఊడి నీళ్లలో తేలుతోంది, అది హైడాటిడ్ గుర్తు. యాంటీబాడీలు చూసే రక్త పరీక్ష ఎలైసా దానికి తోడైంది. ఊపిరితిత్తుల తిత్తుల్లో ఎలైసా కూడా చాలాసార్లు తప్పుతుంది, కాలేయం తిత్తుల్లో కాస్త మెరుగు. పురుగును చంపే మాత్ర ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు మొదలుపెట్టి, స్కానింగులో చూస్తూ సూదితో నీరు తీశారు. పిత్తనాళంతో సంబంధం లేదని చూసుకున్నాకే గాఢమైన ఉప్పునీరు ఎక్కించి మళ్లీ లాగేశారు. చూడకుండా గుచ్చితే నీరు పొట్టలోకి కారి కొత్త తిత్తులు మొలుస్తాయి.

ఈ మాత్ర ఖాళీ కడుపున సరిగా ఒంటబట్టదు, నెయ్యి కలిపిన అన్నం తిని వేసుకోవాలి. రెండు వారాలకోసారి తెల్ల రక్తకణాలు, కాలేయ ఎంజైములు చూపించాలి. ఎలైసా నయమయ్యాక కూడా ఏళ్లపాటు పాజిటివ్‌గానే ఉండొచ్చు. అందుకే నాకు ఇప్పుడు ఆర్నెల్లకోసారి స్కానింగే చేస్తున్నారు.