‘క్యాన్సర్ పేషెంటు ఎవరమ్మా?’

ఫిట్‌నెస్ సర్టిఫికెట్ నిన్న సాయంత్రం చేతికొచ్చింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

2006లో, నాకు ఎనిమిదేళ్ళప్పుడు, బ్లడ్ క్యాన్సర్ వచ్చింది. డాక్టర్ల భాషలో ఏఎల్ఎల్. చిత్తూరు నుంచి రాయవేలూరు (వెల్లూరు) ఆసుపత్రికి రెండున్నరేళ్ళు తిరిగాం. జుట్టంతా రాలిపోయింది. తిరుపతిలో అత్త ఇంటికి వెళితే మాత్రం హాయిగా ఉండేది. ఆ ఊళ్ళో గుండు చూసి ఏమైందని ఎవరూ అడగరు. ‘మొక్కు తీరిందా పాపా’ అంటారంతే. 2008 చివర్లో మందులు ఆపేశారు. ఆ తర్వాత జబ్బు తిరిగి రాలేదు.

ఇప్పుడు తిరుపతిలోనే ఉద్యోగం వచ్చింది. చేరాలంటే మెడికల్ చేయించుకోవాలి. రక్తం, కళ్ళు, ఎక్స్‌రే అన్నీ ఒక్క పూటలో అయిపోయాయి. చిక్కంతా ఫారంలో ఒక గడి దగ్గర వచ్చింది. గతంలో పెద్ద జబ్బులేమైనా వచ్చాయా?

‘లేదని రాసెయ్, ఎవడు చూడొచ్చాడు’ అన్నాడు నాయన. నేను ఉన్నదున్నట్టు రాశాను. నయమైన జబ్బును దొంగసొత్తులా దాచడమెందుకు?

గుమాస్తా ఫారం చూసి, వరండాలో అందరి ముందూ కేకేశాడు: ‘క్యాన్సర్ పేషెంటు ఎవరమ్మా?’ నేను లేవలేదు. నేను పేషెంటును కాదు గదా. మళ్ళీ అరిచాడు. లేచాను. పక్కన కూచున్నామె చీర కుచ్చిళ్ళు నాకు తగలకుండా దగ్గరికి లాక్కుంది. అది అంటుకునే జబ్బు కాదని చెప్పడానికి కూడా నోరు రాలేదు. లోపల డాక్టరు నా ముఖం చూడకుండానే, ‘పెళ్ళయిందా? కాలేదా? అబ్బాయి వాళ్ళకు చెప్పే చేస్తారా?’ అన్నారు. ఉద్యోగానికీ దానికీ ఏం సంబంధమో నాకిప్పటికీ తెలియదు. ‘పాత కాగితాలు తీసుకురండి, చూద్దాం’ అని పంపేశారు.

బయట కుండీల్లో బిళ్ళగన్నేరు విరగబూసి ఉంది. నాకు ఎక్కించిన విన్‌క్రిస్టిన్ ఆ మొక్కలోంచి తీసిందే. వెన్నులోకి ఎక్కించిన పసుపు రంగు మందు మెథోట్రెక్సేట్. అమెరికాలో దాన్ని తయారుచేసిన బృందాన్ని నడిపింది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. వెనక్కి వెళ్ళి ఇవన్నీ ఆ గుమాస్తాకు చెబుదామనుకున్నా. నోరు తెరిస్తే ఏడుపొస్తుందని ఊరుకున్నా.

మరునాడు పాకాల మీదుగా పోయే రైలెక్కి కాట్పాడిలో దిగి, రాయవేలూరు ఆసుపత్రికి వెళ్ళాను. పాత ఆసుపత్రి కార్డును అమ్మ ట్రంకుపెట్టెలో దాచి ఉంచింది. దాని మీద నంబరు చూసి, మధ్యాహ్నానికల్లా ఏమేం మందులిచ్చారో రాసిన కాగితం ఇచ్చేశారు. అక్కడే ఎకో, అంటే గుండె స్కానింగు, కూడా తీయించుకున్నా.

చిన్నప్పుడు ఈ జబ్బు నుంచి బయటపడినవాళ్ళు ఆ కాగితం ముందే తీసి పెట్టుకోండి. ఎర్ర మందు, అదే డానోరూబిసిన్, మొత్తం ఎంత ఎక్కిందో అందులో ఉండాలి. అది ఏళ్ళు గడిచాక కూడా గుండె మీద ప్రభావం చూపించొచ్చు. నా గుండె బాగానే ఉంది. పోయిన నెల అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కాను, మోకాళ్ళ పర్వతం దగ్గర కూడా కూచోలేదు. ఆ గుమాస్తా మేడ మెట్లెక్కి రొప్పుతున్నాడు, ఆయనకెవరిచ్చారో ఫిట్‌నెస్! ఇంకో మాట, ఇలాంటి చోటికి ఒంటరిగా వెళ్ళకండి. అమ్మ పక్కనుంటే ఆయన రెండోసారి అరిచేవాడు కాదు.

మూడో రోజు డాక్టరు కాగితాలు తిరగేశారు, ఎకో రిపోర్టు చూశారు, ఏమీ అనలేదు. సంతకం పెట్టబోయి ఆగారు. ‘గుర్తింపుకు రెండు పుట్టుమచ్చలు కావాలి.’

మోచేతి మీద ఒకటుంది. రెండోదానికి వెతుక్కున్నాను. చివరికి మెడ కింది ఎముక దగ్గర, అప్పట్లో మందులెక్కించడానికి గొట్టం పెట్టిన చోట మిగిలిన గీతను చూపించాను. ‘ఇది రాయండి’ అన్నాను.

రాశారు.