స్లాగ్ రోడ్డు పక్కన తెల్లటి పెచ్చు

వాన వెలిసిన వెంటనే, ఉక్కు తయారీలో మిగిలే గట్టి వ్యర్థమైన స్లాగ్ పరిచిన రోడ్డు అంచు నుంచి కారుతున్న నీటిలో పీహెచ్ కాగితం ముంచితే అది చూస్తుండగానే ముదురు నీలంగా మారింది. రంగుల పట్టీతో పోల్చితే 11 దాటింది, అంటే గాఢమైన క్షారం. కాలువ మూతి దగ్గర తెల్లటి పెచ్చు గట్టిగా కట్టి ఉంది.

ఆ పెచ్చు కాల్షియం కార్బొనేట్. స్లాగ్‌లో మిగిలిపోయిన సున్నం నీటిలో కరిగి, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకొని ఇలా పేరుకుంటుంది. కార్బన్‌ను కొంత బంధించడం మేలే గాని, అంత క్షారం పలచబడకుండా చిన్న చెరువులో చేరితే చేపలు బతకవు. అదే సున్నం తడిసి ఉబ్బితే రోడ్డే పగులుతుంది. అందుకే స్లాగ్‌ను నెలల తరబడి ఆరుబయట తడుపుతూ ఉంచిన తరువాతే వాడతారు. పని తొందరలో ఉన్న గుత్తేదారుకు అంత ఓపిక ఉంటుందా అన్నది వేరే సంగతి.

అయినా రోడ్లకు స్లాగ్ వాడటానికి నేను వ్యతిరేకిని కాను. కంకర కోసం కొండను పేల్చడం కంటే గుట్టలుగా పడి ఉన్న స్లాగ్‌ను వాడటం నయం. ఇనుము తీసే కొలిమి (బ్లాస్ట్ ఫర్నేస్) నుంచి వచ్చే స్లాగ్‌ను పొడి చేసి సిమెంటులో కలిపితే, సున్నపురాయిని కాల్చి, సిమెంటుకు మూలమైన క్లింకర్ తయారుచేసే అవసరం ఆ మేరకు తగ్గుతుంది కాబట్టి లాభం ఇంకా ఎక్కువ. అయితే స్లాగ్‌లోని క్రోమియం, వనేడియం అనే లోహాలు ఎంత మేర నీటిలోకి దిగుతున్నాయో పరీక్షించకుండా దాన్ని బావుల దగ్గర పరచనివ్వకూడదు.