మిర్చి ఏరుడుకు పోయే ఆడవాళ్ల మూటలో ఏ కాగితాలుండాలి

జనవరి వచ్చిందంటే మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరొంచ తాలూకా ఊళ్ల నుంచి కూలీల గుంపులు మేస్త్రి వెంట గోదావరి వంతెన దాటి తెలంగాణలోని కాళేశ్వరం వైపు పోతాయి. వంతెన మీద ఎవరూ కాగితం అడగరు. రెండు గట్ల మీదా తెలుగే కాబట్టి వీళ్లు పరాయి రాష్ట్రం వాళ్లని కూడా ఎవరికీ తట్టదు. ఆ సంగతి బయటపడేది నెలలు నిండుతున్న మనిషి పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) నిలబడ్డప్పుడే. అక్కడి ఆశా కార్యకర్త పుస్తకంలో ఆమె పేరుండదు. గర్భిణికి ఇచ్చే మాతా శిశు సంరక్షణ కార్డు ఇంటి దగ్గరే ఉండిపోయుంటుంది. వెంట తెచ్చుకున్నా అది మరాఠీలో ఉంటుంది.

ఇంట్లో కాగితాలన్నీ మగవాళ్ల చేతిలో ఉండటం దీన్ని ఇంకా ముదిరిస్తుంది. చాలా ఇళ్లలో భార్య ఆధార్‌కు కూడా భర్త నంబరే. అతను ఇంకో మండలంలో ఏరుతుంటే ఓటీపీ అతనికి పోతుంది, ఈమె కౌంటర్ దగ్గర ఆగిపోతుంది. బయలుదేరక ముందే ఆధార్ సెంటర్‌లో ఆమె నంబరు ఎక్కించాలి. మాతా శిశు సంరక్షణ కార్డు ప్రతి పేజీనీ ఫొటో తీసి, గుంపులో ఇంకో ఆమె ఫోన్‌లో కూడా పెట్టాలి. వీటన్నిటికన్నా ముఖ్యం ఒక చిన్న చీటీ. చివరి నెలసరి తేదీ, రక్తం గ్రూపు, హిమోగ్లోబిన్, బీపీ ఇంగ్లిషు అంకెల్లో నర్సమ్మతో రాయించుకోండి. ఆ తేదీ లేకపోతే నొప్పులొచ్చినప్పుడు అది ఏడో నెలా తొమ్మిదో నెలా అన్నది డాక్టరు ఊహించుకోవాల్సిందే.

మూడు నెలల పనికి పోతుంటే 90 ఐరన్, 180 కాల్షియం మాత్రలు అడిగి తీసుకోండి. ఐరన్ రోజుకు ఒకటి, కాల్షియం రెండు. రెండూ కలిపి మింగితే ఐరన్ ఒంటికి పట్టదు, కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. చాయ్‌తో అయితే అసలే వద్దు. ఐరన్ రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తక్కువ. విరేచనం నల్లగా వస్తే భయపడి మానేసేవాళ్లే ఎక్కువ. అది మాత్ర రంగే.

గడ్చిరోలిలో సికిల్ సెల్ (తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్త జబ్బు) ఎక్కువ, కాబట్టి ఆ పరీక్ష చీటీ కూడా మూటలో పడాలి. ఏఎస్ అని ఉంటే ఆ లక్షణం మోస్తున్నారని మాత్రమే, మామూలుగా ఇబ్బంది ఉండదు. ఎస్ఎస్ అంటే జబ్బే ఉన్నట్టు, అలా ఉంటే ఐరన్ డాక్టరు చెప్తేనే. వాళ్లకు నీళ్లు తగ్గితే నొప్పుల దాడి వస్తుంది. చేను దగ్గర ఆడవాళ్లు నీళ్లు తాగరు, ఎందుకంటే మూత్రానికి పోవడానికి మరుగు లేదు. కడుపుతో ఉన్నవాళ్లకైతే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ మొదలై నెలలు నిండకుండానే కాన్పయ్యే ప్రమాదం ఉంది. మరుగు కట్టడానికి నాలుగు కర్రలు, ఒక పాత టార్పాలిన్ ఉంటే చాలు. పని ఒప్పుకునేటప్పుడే ఇది మేస్త్రితో తేల్చుకోవాలి, కూలి కిలోకు ఎంత అని తేల్చుకున్నట్టే. ఆ మరుగుకు వెళ్లే ముందు చేతులకు నూనె రాసి, ఆ తర్వాత సబ్బుతో కడగాలి. మిర్చి ఘాటు నూనెలో కరుగుతుంది, వట్టి నీళ్లకు పోదు. బిడ్డకు పాలిచ్చే ముందూ అంతే.

108కు ఫోన్ చేస్తే ముందు రాష్ట్రం, జిల్లా, మండలం చెప్పండి. ఆ తర్వాత రైతు పేరు, దగ్గర్లో గుడో ట్యాంకో చెప్పండి. చేనుకు ఇంటి నంబరు ఉండదు కదా. ప్రాణం మీదికి వచ్చిన మనిషికి వైద్యం చేయడం ప్రభుత్వాసుపత్రి బాధ్యత అని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. ఆధార్ లేదని తిప్పి పంపబోతే ఆ మాట గట్టిగా అనండి.

కాన్పు అక్కడే అయితే జనన నమోదు కూడా అక్కడే, 21 రోజుల్లోపు. సిరొంచకు వచ్చి రాయిద్దామంటే కుదరదు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో పుట్టినతేదీ రుజువు ఆ పత్రమే. తొలి కాన్పుకు కేంద్రం ఇచ్చే మాతృ వందన పథకం కింద వచ్చే 5,000 రూపాయల్లో చివరి 2,000 కూడా జనన నమోదు, మొదటి విడత టీకాలు అయ్యాకే పడతాయి. కాబట్టి గుంపు తిరుగు బండి ఎక్కేలోపు పత్రం చేతికి తీసుకోండి. తల్లి పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందో లేదో అక్షరం అక్షరం చూసుకోండి. మరాఠీలో ఒకలా, తెలుగులో ఒకలా పడితే ఆ దిద్దుబాటుకు మళ్లీ వంతెన దాటాలి.