మూడు టన్నుల డీజిల్ ట్రక్కుకి డ్రాగ్ టైర్లు: లెక్క ముందు చక్రాల దగ్గర మొదలుపెట్టండి

నిలబడ్డ చోటు నుంచి పావు మైలు తిన్నగా పరిగెత్తే పందెం డ్రాగ్ రేసు. దానికోసం మస్టాంగ్ (వెనక చక్రాలు లాగే ఫోర్డ్ కారు) గురించి రాసిన టైరు సలహా చదివి, అదే సైజు రెండు కొని, డీజిల్ ట్రక్కు వెనక బిగించేవాళ్ళు చాలామంది ఉన్నారు. డబ్బు దండగ. నాలుగు చక్రాలూ లాగే బండికి లెక్క వేరు. ఉదాహరణకి 2001-2005 మధ్య వచ్చిన షెవీ సిల్వరాడో 2500హెచ్‌డీని తీసుకుందాం. డ్యూరామాక్స్ ఇంజను, అయిదు గేర్ల ఆలిసన్ ట్రాన్స్‌మిషన్, 3.73 యాక్సిల్ (షాఫ్టు 3.73 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు). డ్రైవరుతో కలిపి సుమారు 3,200 కిలోలు.

ఖాళీగా నిలబడ్డప్పుడు అందులో దాదాపు 1,850 కిలోలు ముందు చక్రాల మీదే ఉంటాయి, ఆ ఇనప ఇంజను వల్ల. పచ్చలైటు పడి 0.9 జీతో (భూమి ఆకర్షణకి 0.9 వంతు వేగవృద్ధితో) దూకితే, బరువు కేంద్రం ఎత్తు 75 సెంటీమీటర్లు, వీల్‌బేస్ 3.9 మీటర్లు అనుకుంటే, 550 కిలోలు వెనక్కి జరుగుతాయి. అంటే ముందు 1,300, వెనక 1,900. అంత గట్టిగా దూకినా బరువులో నలభై శాతం ముందే మిగిలింది. ఇదే ట్రక్కుని వెనక చక్రాలతో మాత్రమే లాగిస్తే, ఘర్షణ గుణకం (టైరు పట్టుని చెప్పే అంకె) 1 అనుకుంటే, సుమారు 0.52 జీ దాటదు. మామూలు టైర్లతో ఫోర్ వీల్‌లో వెళ్ళే ట్రక్కు, ఖరీదైన స్లిక్కులు (గాడి లేని నున్నటి రేసు టైర్లు) వేసి టూ వీల్‌లో వెళ్ళే అదే ట్రక్కుని మొదటి 60 అడుగుల్లోనే దాటేసేది అందుకే.

కాబట్టి కొంటే నాలుగూ ఒకటే కొనాలి. ఒకటే కంపెనీ, ఒకటే మోడలు, ఒకటే సైజు, అరుగుదల కూడా ఒకటే. ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజను బలాన్ని ముందుకీ వెనక్కీ పంచే గేరు పెట్టె) 4హైలో, అంటే నాలుగు చక్రాలూ లాగే స్థితిలో, పడ్డాక ముందు షాఫ్టూ వెనక షాఫ్టూ కలిసి తిరగాల్సిందే, మధ్యలో సర్దుకునే డిఫరెన్షియల్ లేదు. చుట్టుకొలతలో ఒక్క శాతం తేడా ఉందనుకోండి. 402 మీటర్ల (పావు మైలు) పరుగులో 28 అంగుళాల ఎత్తున్న టైరు సుమారు 180 చుట్లు తిరుగుతుంది, తేడా దాదాపు రెండు చుట్లు. దాన్ని 3.73తో గుణిస్తే షాఫ్టు దగ్గర ఆరేడు చుట్ల మెలిక. మట్టిరోడ్డు మీద అయితే టైరు జారి ఆ మెలిక వదిలిపోతుంది. పట్టు కోసం జిగురు పూసిన డ్రాగ్ ట్రాకు కాంక్రీటు మీద టైరు వదలదు, భారం చెయిన్ మీదా గేర్ల మీదా పడుతుంది. డాలస్ వైపు మనవాళ్ళకి దగ్గర్లో ఉన్న ఎనిస్‌లోని టెక్సస్ మోటర్‌ప్లెక్స్ 1986లో తెరిచినప్పటి నుంచీ కాంక్రీటు ట్రాకే.

సైడ్‌వాల్ మీద రాసిన సైజుని నమ్మకండి, కొలవండి. రేసుకి ఉంచబోయే గాలితో, బండి నేల మీద ఉండగా, టైరు అడుగున నేల మీదా రబ్బరు మీదా సుద్దముక్కతో గీత పెట్టండి. తిన్నగా ఒక చుట్టు దొర్లించి, గీత మళ్ళీ నేలని తాకిన చోట టేపుతో కొలవండి. నాలుగింటికీ చెయ్యండి. ముందుకీ వెనక్కీ తేడా 10 మిల్లీమీటర్ల లోపు ఉంటే నేను వదిలేస్తాను, దాటితే టైర్లు అటూ ఇటూ మార్చి చూస్తాను. బయాస్ ప్లై టైరు (లోపలి దారాలు ఏటవాలుగా అల్లినది) వేగం పెరిగే కొద్దీ ఉబ్బుతుంది, రేడియల్ (దారాలు అడ్డంగా తిన్నగా ఉండేది) అంతగా ఉబ్బదు. ముందు రేడియల్, వెనక బయాస్ ప్లై అనే ఆలోచనే ఈ బండికి వద్దు.

ఇక బరువు మోసే సంగతి. దీన్ని చూసేవాళ్ళు తక్కువ. ముందు చక్రం ఒక్కోటి 925 కిలోలు మోస్తోంది. లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోస్తుందో చెప్పే అంకె) పట్టికలో అది సరిగ్గా 105. కానీ కారు కోసం చేసిన ప్యాసింజర్ రకం టైరుని పికప్‌కి వేసేటప్పుడు దాని సామర్థ్యాన్ని 1.10తో భాగించాలి. ఆ లెక్కన కనీసం 109 కావాలి, అదీ పూర్తి గాలి ఉన్నప్పుడు. గాలి తగ్గిస్తే మోసే శక్తీ తగ్గుతుంది. ఈ ట్రక్కుకి తరచూ వేసే ఎల్‌టీ265/75ఆర్16 టైరుకి (ఎల్‌టీ అంటే లైట్ ట్రక్కు రకం) ఇండెక్స్ 123, అంటే 1,550 కిలోలు. మస్టాంగ్‌కి చేసిన టైరు కొనేముందు సైడ్‌వాల్ మీది ఆ అంకె చదవండి. 109 కన్నా తక్కువుంటే బేరం ఎంత బాగున్నా దుకాణంలోంచి బయటికి రండి.

వేగం అక్షరం కూడా చూడాలి. ఆల్ టెరైన్ టైర్లలో చాలావాటి మీద క్యూ, ఆర్, ఎస్ ఉంటాయి. క్యూ అంటే గంటకి 99 మైళ్ళు, ఆర్ 106, ఎస్ 112. పావు మైలు చివర 115 దాటే ట్రక్కుకి ఇవేవీ చాలవు.

చిన్న టైరు వేస్తే దూకుడు బాగుంటుంది అంటారు, నిజమే. ఆ 265 టైరు ఎత్తు 31.65 అంగుళాలు. డ్రాగ్ రేడియల్స్‌లో (డ్రాగ్ రేసు కోసం చేసిన మెత్తటి రేడియల్ టైర్లలో) తరచూ కనిపించే 305/45ఆర్17 ఎత్తు 27.8. నేలని తోసే బలం 14 శాతం పెరుగుతుంది. కానీ డీజిల్ ఇంజను 3,400 చుట్ల దగ్గర అలసిపోయే రకం. ఆ చుట్ల దగ్గర పెద్ద టైరుతో నాలుగో గేరులో 86 మైళ్ళు, అయిదో గేరులో 121 మైళ్ళు వస్తాయి. చిన్న టైరుతో నాలుగులో 75, అయిదులో 106. అంటే 115 మైళ్ళతో గీత దాటాల్సిన ట్రక్కుకి గీత ఇంకా దూరంలో ఉండగానే గేర్లు అయిపోతాయి. ఎనిమిదో వంతు మైలు మాత్రమే పరిగెత్తేవాళ్ళకి చిన్న టైరు పనికొస్తుంది, పావు మైలుకి పనికిరాదు. చిన్నది వేస్తే ట్యూనర్‌లో (ఇంజను, గేర్ల కంప్యూటరు సెట్టింగులు మార్చే పరికరంలో) టైరు సైజు కూడా మార్చాలి, లేకపోతే స్పీడోమీటరు తప్పు చూపిస్తుంది, గేర్లు మారే చోటూ తప్పుతుంది.

రిమ్ముల దగ్గర ఇంకో చిక్కు. ఈ ట్రక్కు బ్రేకుల మీద 15 అంగుళాల రిమ్ము పట్టదు, అందుకని స్లిక్కుల్లో సగం ముందే తీసిపారెయ్యండి. ఎనిమిది స్టడ్ల వలయం 2010 దాకా 165.1 మిల్లీమీటర్లు, 2011 నుంచి 180. పాత రిమ్ము కొత్త బండికి ఎక్కదు. 305 టైరుకి 10 అంగుళాల వెడల్పు కావాలి. అంతకన్నా బాగా ఇరుకు రిమ్ము మీద ఎక్కిస్తే టైరు మధ్యలో ఉబ్బి, నేలని ఆ మధ్య పట్టీ మాత్రమే తాకుతుంది.

నన్నడిగితే పన్నెండు, పదమూడు సెకన్ల ట్రక్కుకి అసలు డ్రాగ్ రేడియలే అక్కర్లేదు. టోయో ప్రాక్సెస్ ఎస్‌టీ, నిట్టో ఎన్‌టీ420ఎస్ లాంటి రోడ్డు ట్రక్కు టైర్లు చాలు. 305/50ఆర్20 సైజు ఎత్తు 32 అంగుళాలు, ఆ 265 టైరుకి ఒక్క శాతమే తేడా. పట్టు మరీ ఎక్కువైతే విరిగేది ఇంకోటి. ఈ సిల్వరాడో ముందు సస్పెన్షన్‌లో టై రాడ్ (స్టీరింగుని చక్రానికి కలిపే కడ్డీ) సన్నటిది. ఫోర్ వీల్‌లో బూస్టు (టర్బో గాలి ఒత్తిడి) ఎక్కించి వదిలినప్పుడు ముందు చక్రాలు రెండూ లోపలికి తిరగబోతాయి, టై రాడ్ వంగి విరుగుతుంది. కాస్త జారే టైరు ఫ్యూజులా పనిచేసి దాన్ని కాపాడుతుంది. డ్రాగ్ రేడియల్ వెయ్యాలనుకుంటే ముందు టై రాడ్ల మీద స్లీవులు, వెనక యాక్సిల్ మెలితిరగకుండా ట్రాక్షన్ బార్లు వెయ్యండి. టైర్లు ఆ తర్వాత.

గాలి. రోడ్డు ట్రక్కు టైర్లకి ముందు 40, వెనక 30 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టండి. డ్రాగ్ రేడియల్స్‌కి ముందు 30, వెనక 24. ఆ తర్వాత ఒకసారికి 2 పీఎస్ఐ, అదీ ముందో వెనకో ఒక్కవైపే మార్చండి. నాలుగూ ఒక్కసారి మారిస్తే ఏది పనిచేసిందో మీకే తెలియదు. కాంక్రీటు మీద మిగిలిన నల్లగీత చెబుతుంది: అంచులు నల్లగా, మధ్య వెలసినట్టుంటే గాలి తక్కువ, మధ్య ఒక్కటే నల్లగా ఉంటే ఎక్కువ. ఇంటికి బయల్దేరే ముందు డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీదున్నంత గాలి మళ్ళీ కొట్టాలి.

పరుగుకి ముందు టైర్లు తడిపి, తిప్పి, వేడెక్కించే నీళ్ళ గుంట విషయంలో పొరపాటు చాలామంది చేస్తారు. వెనక చక్రాలు తడిపి తిప్పాలంటే ముందు చక్రాలు ఆ నీళ్ళలోంచే వెళ్ళాలి. గాడి ఉన్న టైరు ఆ నీళ్ళని మోసుకెళ్ళి సరిగ్గా స్టేజింగ్ గీత (పరుగు మొదలయ్యే చోటు) మీద పోస్తుంది. మీకు పట్టు ఉండదు, మీ వెనకవాడు తిడతాడు. రోడ్డు టైర్లతో నీళ్ళకి పక్కనుంచి వెళ్ళి, టూ వీల్‌లో ఒక్క క్షణం తిప్పి దుమ్ము వదిలించుకోండి, అంతే. డ్రాగ్ రేడియల్స్ అయితే వెనకవి కాసేపు తిప్పి, ఆగి, అప్పుడు 4హై వెయ్యండి.

నట్లు 140 ఫుట్-పౌండ్లకి బిగించాలి, మొదటి పరుగు కాగానే మళ్ళీ చూడాలి. స్టడ్డు ఎంత లావుందో కనీసం అంత పొడుగు మర నట్టులోకి ఎక్కాలన్నది అమెరికా డ్రాగ్ రేసుల సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నియమం. మందపాటి అల్లాయ్ రిమ్ము వేసినవాళ్ళు దీని దగ్గరే టెక్ తనిఖీలో ఆగిపోతారు. గీత దాటాక బ్రేకు వేసి, మలుపు రాకముందే 2హైకి (వెనక చక్రాలు మాత్రమే లాగే స్థితికి) మార్చండి. 4హైలో అలాగే తిరిగితే చక్రాలు బిగుసుకుని ఎగురుతాయి, పరుగంతా కాపాడుకున్న ఫ్రంట్ యాక్సిల్ ఆ మలుపులో పోవచ్చు.