పై సగం చీకటి కోసం

ఎదురుగా వస్తున్న ట్రక్కు నాకు మూడుసార్లు లైట్లు కొట్టింది. డిప్ చేయమని, అంటే వెలుగును కిందికి దించమని దాని అర్థం. నేను అప్పటికే డిప్‌లో ఉన్నాను. తెల్లవారుజాము నాలుగున్నర, టెక్సస్‌లో హైవే 29. లియాండర్‌లోని మా ఇంటి నుంచి లేక్ బుకానన్‌కు చేపలు పట్టడానికి వెళ్తున్నాను. తప్పు నాది కాదని చూపించడానికి ఒక్క క్షణం బ్రైట్ (దూరం పోయే పై వెలుగు) వేసి మళ్లీ డిప్‌కు వచ్చాను. అతను పక్కనుంచి దూసుకుపోతూ హారన్ మోగించాడు. ఆ హారన్‌లోని తిట్టుకు అనువాదం అక్కరలేదు.

నాకు సిగ్గేసింది. నేను లారీ డ్రైవర్ కొడుకుని. మా నాన్న పాతికేళ్లు విజయవాడ, నాగపూర్ మధ్య సరుకు తోలారు. ఫిట్‌నెస్ తనిఖీకి బండి తీసుకెళ్లే ముందు హెడ్‌లైటు అద్దాల పై భాగానికి నల్లరంగు పూసేవారు. డబ్బా పట్టుకునే పని నాది. ఉన్న వెలుగులో సగం మనమే ఎందుకు మూసేసుకోవాలని అడిగితే, “ఎదుటివాడికి కళ్లు కనబడకపోతే వాడు గుద్దేది మనల్నేరా” అన్నారు. అలాంటి మనిషి కొడుకు టెక్సస్‌కు వచ్చి జనం కళ్లలో వెలుగు కొడుతున్నాడు.

నా బండి 2003 నాటి టొయోటా టకోమా. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో తయారైంది. ఆ ఫ్యాక్టరీలో ఇప్పుడు టెస్లా కార్లు తయారవుతున్నాయి. ఇరవై ఏళ్ల ఎండకు లైటు అద్దాలు పచ్చబడితే గరుకు కాగితంతో రుద్ది మెరుగు పెట్టాను. అయినా వెలుగు చాలలేదని నలభై డాలర్ల ఎల్ఈడీ బల్బులు తెప్పించి పాత వాటి స్థానంలో బిగించాను. గ్యారేజీ గోడ తెల్లగా మెరిసిపోతుంటే మురిసిపోయాను. మెరిసినది గోడ మొత్తం అని, పై భాగం అసలు మెరవకూడదని అప్పుడు తోచలేదు.

బండి పాత బల్బు హెచ్4 అనే రకం. దాన్ని చేతిలోకి తీసుకుని చూస్తే సంగతి అర్థమవుతుంది. లోపల రెండు ఫిలమెంట్లు ఉంటాయి. డిప్ ఫిలమెంటు కింద చిన్న రేకు గరిటె ఉంటుంది. ఆ ఫిలమెంటు వెలుగు రిఫ్లెక్టర్ (బల్బు వెనక మెరిసే గిన్నె) కింది సగం మీద పడకుండా అడ్డుపడడమే దాని పని. పడితే అక్కడి నుంచి పైకి లేచి ఎదుటివాడి కళ్లలోకి పోతుంది. రిఫ్లెక్టర్ ఒంపులన్నీ ఆ ఫిలమెంటు ఉన్న చోటును, దాని కొలతను బట్టి తీర్చినవి. అక్కడ మరో ఆకారపు దీపం పెడితే వెలుగు ఎటు పడితే అటు చెదురుతుంది.

అందుకే ప్రొజెక్టర్ లైటు పెట్టాలనుకున్నాను. అందులో ఆ ఏర్పాటు వేరు. వెనక గిన్నె వెలుగును ఒకచోటికి కూడదీస్తుంది, ముందు గుండ్రటి కటకం దాన్ని రోడ్డు మీదికి పంపుతుంది, రెండింటి నడుమ ఒక రేకు నిలబడి ఉంటుంది. కటకం బొమ్మను తలకిందులు చేస్తుంది కనుక పైన చీకటి కావాలంటే రేకు కింద ఉండాలి. బ్రైట్ వేయగానే చిన్న విద్యుదయస్కాంతం ఆ రేకును పడుకోబెడుతుంది. నాన్న పూసిన నల్లరంగు చేసే పనే ఇది, కాకపోతే కావలసినప్పుడు తొలగిపోయే నల్లరంగు.

హెచ్4 బల్బు రంధ్రంలోంచే బిగించుకోగల రెండున్నర అంగుళాల ప్రొజెక్టర్లు దొరుకుతాయి. రిఫ్లెక్టర్‌ను కోయనక్కరలేదు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో సగం ధరకే వస్తాయని తెలిసి, సంక్రాంతికి ఊరెళ్లిన మా బావ చేత ఒక జత తెప్పించాను. ఈ పొదుపు సంగతి తర్వాత చెబుతాను.

ఒక శనివారం గ్రిల్ తీసి, 10 ఎం.ఎం. బోల్టులు విప్పి రెండు డూమ్‌లనూ బయటికి తీశాను. డూమ్ అంటే అద్దం, రిఫ్లెక్టర్ కలిసిన హెడ్‌లైటు పెట్టె, ఆ మాట ఆటోనగర్‌లో నేర్చుకున్నది, ఇక్కడ ఎవరికీ తెలియదు. ముందున్న ప్లాస్టిక్ అద్దాన్ని వెనక పెట్టెకు బ్యూటైల్ అనే నల్లటి జిగురుతో అతికిస్తారు. వేడి చేస్తే అది మెత్తబడుతుంది. అందుకు ఓవెన్ కావాలి. మా ఇంట్లో ఉన్నది ఒకటే ఓవెన్.

“ఏమండీ, ఆదివారం ఇందులోనే కేక్ చేయాలి, గుర్తుందా?” అంది మా ఆవిడ. ప్లాస్టిక్ కరగదని, 250 డిగ్రీల ఫారన్‌హీట్, ఎనిమిది నిమిషాలే అని చెప్పాను. తడి తుండు పరిచిన చెక్క మీద డూమ్‌ను పెట్టి, తలుపు మూసి, గాజులోంచి చూస్తూ కూర్చున్నాను. ఆరో నిమిషంలో వాసన మొదలైంది. తారు రోడ్డు వేస్తున్న చోట నిలబడినట్టు ఉంటుంది. పిల్లలు కిటికీలు తెరిచారు. ఆవిడ ఏమీ అనలేదు, అదే భయపెట్టింది.

బయటికి తీశాక రెండు నిమిషాలకు మించి వ్యవధి ఉండదు. చేతి తొడుగులు వేసుకుని, మూలన స్క్రూడ్రైవర్ దూర్చి మెల్లగా విరదీస్తే అద్దం కదిలింది. జిగురు అరిసెల పాకం ముదిరినప్పటిలా తీగలు తీగలుగా సాగింది. ఆ తీగ ఎక్కడ అంటుకుంటే అక్కడ వదలదు. నా చొక్కా ఒకటి అలాగే పోయింది. మొదటి డూమ్ నల్లేరు మీద బండిలా ఊడింది. రెండోది ఒక మూల ఎంతకూ రాకపోతే బలంగా లాగాను. టప్పుమంది. కింద ఒక స్క్రూ తీయడం మరచిపోయాను, దాని చెవి విరిగింది. తర్వాత ఎపాక్సీతో అతికించుకున్నాను. లాగే ముందు స్క్రూలన్నీ మరోసారి లెక్క చూసుకోవాలి.

ఇంకో తప్పు కూడా చేశాను. రిఫ్లెక్టర్ మీద చిన్న దుమ్ము కనిపిస్తే వేలితో తుడిచాను. అది అద్దం కాదు, ప్లాస్టిక్ మీద ఆవిరిగా పట్టించిన అల్యూమినియం పొర. నా బొటనవేలి ముద్ర ఇప్పటికీ కుడి లైటులో ఉంది. ప్రొజెక్టర్ వచ్చాక రిఫ్లెక్టర్‌కు పనేమీ లేదు కాబట్టి వెలుగుకు నష్టం లేదు, చూసినప్పుడల్లా నాకే గుచ్చుకుంటుంది.

ఆ రాత్రి బావ తెచ్చిన ప్రొజెక్టర్లు బిగించి, బండి బ్యాటరీకి కలిపి గోడ మీద వెలుగు చూశాను. కత్తితో కోసినట్టు గీత. పైన చీకటి, కింద వెలుగు. పది నిమిషాలు అలాగే చూస్తూ ఉండిపోయాను. అప్పుడు కనబడింది, గీత మధ్యలో ఉండే మెట్టు ఎడమవైపు పైకి లేచి ఉంది.

ఆ మెట్టు అందానికి పెట్టింది కాదు. రోడ్డు అంచునున్న బోర్డులు, నడిచేవాళ్లు కనబడాలని అంచు వైపు వెలుగును కాస్త పైకి ఎత్తుతారు. మన దేశంలో బండ్లు ఎడమవైపు నడుస్తాయి, అంచు ఎడమన ఉంటుంది. ఇక్కడ అంచు కుడివైపు. రాణిగంజ్ ప్రొజెక్టర్ టెక్సస్‌లో ఎత్తి కొట్టేది ఎదురుగా వచ్చేవాడి ముఖం మీద. హారన్ కొట్టిన ఆ ట్రక్కు డ్రైవరుకు నేను మళ్లీ అదే బహుమతి ఇవ్వబోయాను.

వీడియో కాల్‌లో నాన్నకు చూపించాను. “రేకేగా, విప్పి తిరగేసి పెట్టరా” అన్నారు. మంచి ఆలోచనే అనిపించి విప్పాను కూడా. ఆ రేకు చదునుగా లేదు, కటకానికి తగినట్టు వంపు తిరిగి ఉంది. తిరగేస్తే వంపు ఎదురు తిరిగి గీత అలుక్కుపోయింది, పైగా కీలు సరిగా కూర్చోలేదు. ఇక్కడి రోడ్లకు తగిన జత కోసం మళ్లీ డబ్బు కట్టాను. అది వచ్చేదాకా పది రోజులు విప్పిన డూమ్‌లు మా డైనింగ్ టేబుల్ మీద దుప్పటి కప్పుకుని పడుకున్నాయి.

అసలు తంటా కొత్తవి వచ్చాకే మొదలైంది. ప్రొజెక్టర్ తోకకు మర ఉంటుంది, వెనక నుంచి పెద్ద నట్టు బిగించాలి. గీత గోడ మీద అడ్డంగా నిలిచేలా ప్రొజెక్టర్‌ను సరిగ్గా తిప్పి పెడతాం. నట్టు చివరి పావు చుట్టు బిగిస్తుండగా దానితోపాటు ప్రొజెక్టర్ కూడా వెంట్రుకవాసి తిరుగుతుంది. ఆ వెంట్రుకవాసి గోడ మీదికి వచ్చేసరికి బెత్తెడు అవుతుంది. వదులు చేయడం, తిప్పడం, బిగించడం, మళ్లీ గోడకేసి చూడడం. ఎడమ లైటుకు గంటన్నర పట్టింది. చివరికి అది ఎంత తిరుగుతుందో కనిపెట్టి ముందే అంత ఎదురు దిశలో ఒరిగించి బిగిస్తే నట్టు తనంతట తానే తెచ్చి సరైన చోట నిలబెట్టింది. తర్వాత చుట్టూ ఎపాక్సీ పెట్టాను.

బల్బులు 35 వాట్ల హెచ్ఐడీవి, అంటే ఫిలమెంటు లేకుండా వాయువులో మెరుపుతో వెలిగేవి. వెలుగు రంగును కెల్విన్‌లలో చెబుతారు, వీటిది 4300. నీలి మెరుపు కోసం జనం 8000 దాకా పోతారు, అంకె పెరిగేకొద్దీ నీలం పెరుగుతుంది, వెలుగు తరుగుతుంది. ఇవి వెలిగే క్షణంలో వీటికి కరెంటు అందించే బ్యాలస్ట్ అనే పెట్టె ఇరవై వేల వోల్టులకు పైగా పంపుతుంది. స్విచ్ వేసి ఉన్నప్పుడు ఆ తీగల జోలికి వెళ్లకూడదు.

వైరింగులో ఒక పూట పోయింది. డిప్ వెలిగింది. బ్రైట్ వేస్తే రేకు కదలడం మాట అటుంచి లైటే ఆరిపోయింది. టెస్టు ల్యాంపుతో వెతికితే తేలింది, ఈ బండిలో రెండు ఫిలమెంట్లకూ పాజిటివ్ ఉమ్మడిగా వస్తుంది, డిప్, బ్రైట్ మార్చేది ఎర్త్ వైపు తీగను. ఆ కాలపు టొయోటా ట్రక్కుల్లో ఇది మామూలే. బ్రైట్ వేయగానే డిప్ ఎర్త్ తెగుతుంది, దాని రిలే (బల్బుకు కరెంటు ఇచ్చే విద్యుత్ స్విచ్) పడిపోతుంది, బల్బుకు ప్రాణం పోతుంది. డిప్ రిలే ఎర్త్ కాలు నుంచి బ్రైట్ తీగకు ఒక 1ఎన్4007 డయోడు (కరెంటును ఒకే దిశలో పోనిచ్చేది) వేశాను. బ్రైట్ వేసినప్పుడు ఆ దారిలో డిప్ రిలేకు కూడా ఎర్త్ దొరుకుతుంది. డిప్‌లో ఉన్నప్పుడు డయోడు ఎదురు తిరుగుతుంది కాబట్టి బ్రైట్ రిలే మేలుకోదు. పాలిటెక్నిక్‌లో మా మాస్టారు ఈ డయోడు గురించి గంట చెబితే నిద్రపోయాను.

మూయడం సులభం. గాడిలో కొత్త బ్యూటైల్ తాడు పరిచి, మళ్లీ ఓవెన్‌లో పెట్టి, తీసి నొక్కి క్లిప్పులు బిగించాను. ఈసారి ఆవిడ పిల్లలను తీసుకుని గుడికి వెళ్లిపోయింది. మర్నాడు తోట పైపుతో నీళ్లు కొడితే కుడి లైటులో ఆవిరి పట్టింది. వెనక రబ్బరు మూత సగం మడత పడి ఉంది, అంతే.

గోడకు ఇరవై అయిదు అడుగుల దూరంలో బండి నిలిపి, గీత లైటు నడిమి ఎత్తు కన్నా రెండంగుళాలు కిందికి వచ్చేలా సర్దాను. ఇక చట్టం. అద్దం మీద డీఓటీ (అమెరికా రవాణా శాఖ) అక్షరాలు ఇంకా ఉన్నాయి కానీ, ఇక్కడి ఫెడరల్ ప్రమాణం 108 ఫ్యాక్టరీలో తయారైన లైటుకు వర్తిస్తుంది, నేను విప్పి మార్చిన దానికి ఆ ముద్ర పూచీ పడదు. సొంత బండికి టెక్సస్‌లో ఏటా జరిగే భద్రతా తనిఖీ 2025 జనవరి 1 నుంచి ఎత్తేశారు, అంటే అడిగేవాడు లేడు. అందుకే రెండంగుళాలనూ నాలుగుసార్లు కొలిచాను.

మళ్లీ హైవే 29, అదే వేళ. బర్నెట్ ఊరు దాటాక ఎదురుగా నాలుగు బండ్లు వచ్చాయి, ఎవరూ లైట్లు కొట్టలేదు. తర్వాత రోడ్డు ఖాళీ. వెలుగు అంచున ఏవో నాలుగు సన్నటి కర్రలు నిలబడి ఉన్నాయి. పైన ఏమీ లేదు, గీత దగ్గర ఆగిపోయాయి. బ్రేకు మీద కాలు వేస్తూ లివర్ తోశాను. బానెట్ కింద రేకు టక్కుమని పడింది. కర్రల మీద జింక పొట్ట, మెడ, నన్నే చూస్తున్న రెండు పచ్చటి కళ్లు వచ్చి చేరాయి.