జలుబు కోసం వెళ్తే నిద్ర గురించి అడిగారు

మారతహళ్లిలో ఉద్యోగంలో చేరాక నాకు జలుబు వదిలేది కాదు. ఒకటి తగ్గేలోపు ఇంకొకటి, మధ్యలో పెదవి మీద పొక్కులు. వీధి చివరి క్లినిక్‌లో ప్రతిసారీ యాంటీబయాటిక్ రాసిచ్చేవారు. జలుబు తెచ్చేది వైరస్, దానిమీద ఆ మందు పనిచేయదు. బెంగళూరు చలి పడట్లేదేమో, వచ్చేయమని నెల్లూరు నుంచి అమ్మ పోరు.

చివరికి ఒక ఫిజీషియన్ గారు షుగర్, థైరాయిడ్, రక్తకణాలు అన్నీ పరీక్ష చేయించారు. ఏ లోపమూ లేదు. అప్పుడడిగారు, "నిద్ర పడుతోందా?" అని. తెల్లవారుజామున గుండెదడతో మెలకువ రావడం, ఆఫీసు ఫోన్ మోగితే చేతులు చెమటలు పట్టడం అన్నీ చెప్పాను. సైకియాట్రిస్టును కలవమన్నారు. హోసూరు రోడ్డులోని నిమ్హాన్స్ అనే మానసిక వైద్య ఆసుపత్రి ఓపీకి వెళ్లాను.

అక్కడి డాక్టరు గారు ఓపిగ్గా చెప్పారు. భయం కలిగితే మెదడులోని హైపోథాలమస్ సీఆర్‌హెచ్ అనే రసాయనం వదులుతుంది. అది పిట్యూటరీ గ్రంథిని, పిట్యూటరీ అడ్రినల్ గ్రంథులను కదిలిస్తే కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ వస్తుంది. వాపును అదుపులో పెట్టేది కూడా అదే. నోర్అడ్రినలిన్ అనే మరో హార్మోన్ గుండెదడ పెంచుతుంది. కాసేపైతే ఇదంతా మనకు రక్షణే. నెలల తరబడి సాగితే వైరస్‌తో పోరాడే కణాలు మందగిస్తాయి. పైగా రోజూ అరిచే మేనేజర్ మాట ఎవరూ పట్టించుకోనట్టు, రోగనిరోధక కణాలు కార్టిసాల్ మాట వినడం మానేస్తాయి. అప్పుడు వాపును పెంచే ఐఎల్-6 లాంటి ప్రోటీన్లు అదుపు తప్పుతాయి.

1991లో షెల్డన్ కోహెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం ఆరోగ్యవంతుల ముక్కుల్లో జలుబు వైరస్ చుక్కలు వేసి చూసింది. ఒత్తిడి ఎక్కువున్నవాళ్లకే ఎక్కువగా జలుబు చేసింది.

కార్టిసాల్ పరీక్ష చేయించుకోమంటారా అని అడిగాను. అక్కర్లేదన్నారు. నాలాగా యాంగ్జైటీ, అంటే అతి ఆందోళన, ఉన్న అందరిలోనూ అది ఎక్కువగా ఉండదట. "మీ ప్రతి జలుబూ టెన్షన్ వల్లే అని నేను చెప్పను. కానీ టెన్షన్‌కు వైద్యం కావాలి" అన్నారు. ఆ మాటతోనే నాకు నమ్మకం కుదిరింది.

ఆందోళన తగ్గించే ఎస్సిటాలోప్రామ్ అనే మందు మొదలుపెట్టాక తొలిరోజుల్లో వికారం, దడ ఇంకాస్త పెరిగాయి. ముందే చెప్పారు కాబట్టి మానలేదు. గుణం కనిపించడానికి వారాలు పట్టింది. దాంతోపాటు ఆలోచనల తీరును, అలవాట్లను మార్చుకోవడం నేర్పే సీబీటీ కౌన్సెలింగ్. ముందు నిద్ర కుదుటపడింది, తర్వాత జలుబులు తగ్గాయి. మందు వల్లా, నిద్ర వల్లా అని విడదీసి చెప్పలేను. ఇప్పుడు డాక్టరు గారే మోతాదు కొంచెం కొంచెంగా తగ్గిస్తున్నారు, హఠాత్తుగా ఆపకూడదు.

ఆసుపత్రి దాకా వెళ్లలేనివారు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.