డెబ్బై గేట్లు, రెండు వేళ్లు

హైదరాబాద్‌లో రాత్రి పదిన్నరకు ఎక్కితే తెల్లవారుజామున నాలుగుంబావుకు విజయవాడ బస్టాండులో దించేశాడు. మాఘమాసం ముహూర్తాలు కదా, మామూలు రోజుల్లో ఆరేడు వందలుండే టికెట్టు పదకొండు వందలు. అది చాలదన్నట్టు బస్టాండు బయట ఆటో అతను సీతానగరానికి మూడొందలు అడిగాడు. బ్యారేజీ దాటితే సీతానగరమే కదయ్యా అంటే, "దాటాలిగా సార్" అన్నాడు. దానికి జవాబు తోచక ఎక్కేశాను.

వెళ్లింది మా తోడల్లుడి గృహప్రవేశానికి. ముహూర్తం పదింటికి. బుద్ధున్నవాడైతే ఓ మూల చాప వేసుకుని కాసేపు పడుకుంటాడు. నాకేమో ఫోన్‌లోని యాప్ ఆ రోజుకి నాలుగు కిలోమీటర్లు రాసిపెట్టింది. నలభై మూడేళ్ల వయసులో పట్టుకున్న కొత్త పిచ్చి ఈ పరుగు, అప్పటికి ఐదో వారం. ఇందులో మూడు వారాలుగా ఒకటే పేచీ. పదిహేను నిమిషాలు దాటగానే కుడి పాదం ముందు భాగం మొద్దుబారిపోతుంది. నేల తగులుతున్నట్టు తెలుస్తుంది గానీ, తగిలేది నా వేళ్లకేనా అన్నది తెలియదు.

ఈ సంగతి ఇంట్లో చెప్పడమే నేను చేసిన తప్పు. మా మామగారు ఫోన్‌లోనే "షుగరే" అని తేల్చేశారు. మా ఆవిడ బీ12 తగ్గిందంది. బావమరిది నడుములో నరం నొక్కుకుందన్నాడు. అందరి నోళ్లూ మూయించడానికి రక్తపరీక్షలు చేయించాను. మూడు నెలల షుగర్ 5.4, బీ12 కూడా ఉండాల్సినంతే ఉంది. డబ్బు పోయింది, తిమ్మిరి మాత్రం అలాగే ఉంది.

బస్సులో ఆరు గంటలు కాళ్లు వేలాడేసి కూర్చున్నానేమో, ఆ పొద్దున బూటు ఎక్కడానికే మొరాయించింది. అయినా లేసులు ఇంకో రెండు లాగులు లాగి బిగించాను. వదులుగా ఉంటే మడమ జారుతుందని నా భయం.

కూకట్‌పల్లిలో నేను పరిగెత్తేది పార్కులో, నాలుగొందల మీటర్ల చుట్టు. ఎన్ని చుట్లు తిరిగినా అదే బెంచీ, అదే కుక్క. ఇక్కడ ప్రకాశం బ్యారేజీ మీద ఒక పక్క నిండు కృష్ణ, మంచు తెర వెనక ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి గుడి దీపాలు. బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు, గేట్లు 70. వాటిని లెక్కపెట్టుకుంటూ వెళితే ఆయాసం తెలియదనుకున్నాను. రోజూ పదిహేను నిమిషాలకు వచ్చే తిమ్మిరి ఆ రోజు ముప్ఫయ్యో గేటు దగ్గరే వచ్చేసింది. మిగతా గేట్లు కుంటుతూ దాటి, విజయవాడ వైపు దిగగానే గట్టు మీద కూలబడ్డాను.

"ఏం బాబూ, కాలు పట్టేసిందా?"

అరవై దాటిన ఆవిడ. చీర మీద స్వెటరు, కాళ్లకు తెల్ల కాన్వాస్ బూట్లు. కుడి బూటుకి బొటనవేలి పక్కన రూపాయి బిళ్లంత గుడ్డ బ్లేడుతో కోసేసి ఉంది. అందులోంచి మేజోడు కనబడుతోంది.

"పట్టెయ్యలేదమ్మా, మొద్దుబారింది."

"ఏ వేళ్లు?"

మూడోది, నాలుగోది అన్నాను. అక్కణ్ణుంచి వరస ప్రశ్నలు. ఆగితే పోతుందా? రాత్రి పడుకున్నప్పుడూ ఉంటుందా? రెండో కాలికీ ఉందా? నడుము నుంచి లాగుతుందా? పాదం ఎత్తలేక ఈడుస్తున్నావా? ఆగిన ఐదు నిమిషాలకు పోతుంది, మిగతావేవీ లేవన్నాను. "ఉంటే మాత్రం డాక్టరు దగ్గరకే పో, నాలాంటోళ్ల మాట వినమాక. ఇప్పటికి ఆ బూటు విప్పు, లోపలి సోలు బయటికి తియ్యి" అంది.

ఆడపిల్లల హైస్కూల్లో ముప్ఫై ఏళ్లకు పైగా ఆటల టీచరట. ఆ గొంతుకి ఎదురు చెప్పడం నా వల్ల కాలేదు. సోలు గట్టు మీద పరిచి దాని మీద నిలబడమంది. నిలబడ్డాను. చిటికెన వేలు సగం బయటే ఉంది. నాలుగో వేలు అంచు మీద కూర్చుంది. బొటనవేలి ముందు గోరు పట్టే సందు కూడా లేదు.

"ఇందులో ఈ కాలు ఎట్టా పట్టించావయ్యా?"

చెప్పులు ఎనిమిదో నంబరు కాబట్టి బూట్లూ ఎనిమిదే తీసుకున్నాను. డిస్కౌంటులో మూడు వేల ఎనిమిదొందలు. పరిగెత్తితే పాదం ఉబ్బుతుందట. బూటు ఇరుకైతే వేళ్ల ఎముకలు దగ్గరికొచ్చి, మధ్యలో పోయే నరాన్ని నొక్కుతాయట. పైన లేసు బిగిస్తే పాదం మీది నరం కూడా నలుగుతుందట. ఆవిడ నా లేసు సగం విప్పి, మధ్య కన్నాల దగ్గర అడ్డంగా వేయకుండా రెండు పక్కలా నిటారుగా పైకి లాగి, అక్కడ మళ్లీ అడ్డం వేసింది. పాదం ఎత్తుగా ఉండే చోట బూటు నాలుక మీద లేసు లేకుండా చిన్న కిటికీ మిగిలింది.

"కొనేటప్పుడు సాయంత్రం పూట పో. బొటనవేలు ముందు ఇంకో బొటనవేలు పట్టాలి."

నాకు మా నాన్న గుర్తొచ్చాడు. తెనాలిలో ప్రతి జూన్‌లో నాకు ఒక నంబరు పెద్ద కాన్వాస్ బూట్లు కొని, ముందు పాత పేపరు కుక్కేవాడు. రెండేళ్లు రావాలని ఆయన లెక్క. ప్రేయర్‌లో టపటపా చప్పుడవుతుంటే ఏడుపొచ్చేది. సొంత సంపాదన మొదలయ్యాక కాలికి అతుక్కుపోయేవే కొంటున్నాను. ఇరవై ఏళ్లుగా ఆయన మీద కసి తీర్చుకుంటున్నానన్నమాట.

వెనక్కి పరిగెత్తుతూ మళ్లీ లెక్కపెట్టాను. యాభై దాటాక ఆ రెండు వేళ్లలో సూదులు గుచ్చినట్టయింది గానీ, మొద్దుబారలేదు. ఇరుకు ఇరుకే కదా, లేసు ఎంతని సర్దుతుంది?

గృహప్రవేశం బాగా జరిగింది, పనసపొట్టు కూర ఇంకా బాగుంది. సాయంత్రం బీసెంట్ రోడ్డులో జనాన్ని తోసుకుంటూ ఒక బూట్ల కొట్టుకి వెళ్లాను. కుర్రాడు నా పాదం చూసి ఎనిమిదో నంబరు తెచ్చాడు. "కరెక్టుగా ఉంది సార్, వాడగా వాడగా సాగుద్ది." నేను సోలు లాగి నేల మీద పరిచి ఎక్కి నిలబడ్డాను. పక్కన మేజోళ్లు బేరమాడుతున్నావిడ కూడా ఆగి చూసింది. కుర్రాడు ఏమీ అనకుండా నిచ్చెనెక్కాడు.

తొమ్మిదిలో నల్లవి లేవట. నారింజ రంగువే ఉన్నాయి, రూపాయి తగ్గించలేదు.